అర మీటరు పచ్చబొట్టు

కొలతలన్నీ మనిషి ఒంటిమీదే ఉన్న రోజులవి. వాకిలి ఎంత వెడల్పు అంటే రెండు బారలు, గుంట ఎంత లోతు అంటే జానెడు, పాము ఎంత పొడవు అంటే మూడు మూరలు (చూసినవాడి భయాన్ని బట్టి నాలుగు, ఐదు కూడా అయ్యేది). కూరలో ఉప్పు చిటికెడు, గడప ముందు నిలబడ్డవాడికి బియ్యం పిడికెడు, జ్వరం ఎంత అంటే నుదుటి మీద పెట్టిన అరచెయ్యి చురుక్కుమన్నంత. కొలబద్ద ఎక్కడ పెట్టామా అని వెతుక్కునే పని లేదు, భుజాలకు వేలాడుతూ ఉండేది. సేర్లు, మణుగులు పోయాయి, కిలోలు, లీటర్లు వచ్చాయి అని దుకాణాల వాళ్ళు అనుకునేవాళ్ళు. వచ్చాయి, కాదనను. కాని అవి బియ్యానికీ నూనెకూ వచ్చాయి గాని మా పూలకు రాలేదు. హనుమకొండ చౌరస్తాలో ఎనభైలు మొదలైన తర్వాత కూడా మూరెడు పూలు మూరెడుగానే ఉన్నాయి. ఆ మూర మీటరుగా మారేటప్పుడు మధ్యలో నా ఎడమ చెయ్యి ఇరుక్కుంది. ఆ కథే ఇది. నేను చెబుతుంటే మా చిన్న కోడలు రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు, అదీ తొందరపెడితే ఒక అక్షరం తక్కువ పడుతుంది. నా గొంతు గరగరమంటుందని ఆమె ఒక్కో మాట రెండుసార్లు అడుగుతోంది, అందుకని కథ కొంచెం నిదానంగా నడిస్తే తప్పు నా గొంతుదే.

నాది పాలకుర్తి పక్క పల్లె. దేవుడు నాకు ముఖం ఇచ్చేటప్పుడు పిసినారితనం చేశాడు గాని చేతులు ఇచ్చేటప్పుడు ఒళ్ళు మరిచాడు. నిలబడి చేతులు వదిలేస్తే వేళ్ళు మోకాళ్ళను అందుకోవడానికి బెత్తెడే తక్కువ. ఉట్టి మీద పాలకుండను పీట ఎక్కకుండా దించేదాన్ని. రవికె కుట్టించినప్పుడల్లా మా అమ్మ, "దీని చేతులకే ఇంకో రవికె గుడ్డ వడతాంది" అని దర్జీ ముందే తల కొట్టుకునేది. పెళ్ళిచూపులకు మా అత్తమ్మ హనుమకొండ నుంచి వచ్చి నన్ను నడిపించి చూసింది, నవ్వించి చూసింది, జడ గుంజి చూసింది, పళ్ళు కూడా చూసింది. ఒక్క చేతులు చూడలేదు. మా అమ్మ తెలివిగా నా చేతుల్లో పెద్ద పళ్ళెం పెట్టి మీద నుంచి కొంగు కప్పింది. పెళ్ళయిన మూడోనాడు నేను పూలు అల్లుతుంటే అత్తమ్మకు ఎందుకో అనుమానం వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, తన మోచేతికి నా మోచెయ్యి ఆనించి పక్కపక్కన పెట్టింది. నా వేళ్ళు ఆమె వేళ్ళను దాటి ఇంకో నాలుగు వేళ్ళ మేర ముందుకు పోయాయి.

"సచ్చిపోయినం పో! ఓ కొడుకా, గీ పిల్ల చేతులు సూడు. గివి చేతులా, కాలువలా? గంప కాడ కూసుంటె పూలన్ని పారిపోతయ్ గదరా!"

మా ఆయన కాజీపేట గూడ్సు షెడ్డులో మూటలు మోసేవాడు. వచ్చి, నా చేతుల వంక కిందినుంచి మీదికి చూసి, "మూటలు లేపనీకి మంచిగుంటయ్" అన్నాడు. మెచ్చుకున్నాడో, పనికి పిలిచాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడుగుదామంటే మనిషి లేడు.

పూల బేరం తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. అల్లిన పూలను మోచెయ్యి నుంచి నడిమి వేలి కొస దాకా పెట్టి కొలిస్తే ఒక మూర. ఎవరు అమ్మితే వాళ్ళ మూర. అందుకని పూలమ్మేదానికి పొట్టి చెయ్యి ఆస్తి లాంటిది. మా అత్తమ్మది పొట్టి చెయ్యే, దానికి తోడు పనితనం తెలిసిన చెయ్యి. దండను మోచేతి మొన నుంచి కాకుండా లోపలి మడత నుంచి మొదలుపెట్టేది. వేళ్ళ కొస దాకా వచ్చేసరికి ఆ వేళ్ళు ఎవరో తట్టిన తాబేలు తలలాగా కొంచెం లోపలికి పోయేవి. కొనేవాళ్ళకు తెలియదా? తెలుసు. "నీ మూర గాదవ్వా, నా మూరతోని కొలువు" అని చెయ్యి చాపేవాళ్ళు. "నీ మూరతోని నీ ఇంట్ల అల్లుకో బిడ్డా, నా గంప కాడ నా మూరే" అని ఆమె నవ్వుతూనే చెయ్యి పక్కకు తోసేది. అదొక ఆట. రోజూ ఆడేవాళ్ళు, రోజూ ఆమే గెలిచేది. మా ఇంటి పొయ్యి ఆ పొట్టి చేతి మీదే మండేది.

నాకేమో ఆ గంప దగ్గర కూర్చోవాలని ఒకటే కోరిక. ఒంటిగది ఇంట్లో పొద్దంతా దారం పట్టుకుని మల్లెలు, కనకాంబరాలు అల్లుతూ ఉంటే నా గొంతుకు పని ఉండేది కాదు. పల్లెలో ఈ చేను నుంచి ఆ చేనుకు మాట్లాడిన గొంతు నాది. చౌరస్తాలో అయితే కాజీపేట బస్సులు, సుబేదారి ఆఫీసులకు పోయే ఆడవాళ్ళు, రిక్షాల గంటలు, కొట్లాటలు, లోకమంతా కూర్చున్న చోటికే వస్తుంది. మూడేళ్ళు అడిగాను. మూడేళ్ళు అత్తమ్మ నా చేతుల వంక చూసి "ఊఁహూఁ" అంది. చివరికి నా మొర దేవుడు విన్నాడు (అట్లా వినమని నేను అడగలేదు). శ్రావణమాసం మొదట్లో రిక్షా దిగబోయి అత్తమ్మ కాలు మడత పడింది. మంచం మీద కూర్చుని, వాచిన కాలు తలగడ మీద పెట్టుకుని నాకు షరతు చెప్పింది.

"పదేను దినాలు నువ్వే కూసో. గంపకు నష్టం రాకుంటె ఇగ ఎప్పటికి నువ్వే. నాకు గూడ మోకాళ్ళు గుంజుతానయ్. నష్టమొచ్చిందో, సచ్చేదాక ఇంట్ల దారం వట్టుకోని కూసునుడే. మల్ల నన్ను అడగద్దు."

"నష్టమెందుకొస్తది అత్తమ్మా?"

"నీ చేతులనే అడుగు."

చేతులను అడిగాను. రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను, వేళ్ళు ముడిచి పిడికిలి పెట్టి కొలిస్తే సరి, నా చెయ్యి కూడా పొట్టిదైపోతుంది. మొదటిరోజు పిడికిలి బిగించి కొలవడం మొదలుపెట్టాను. అత్తమ్మ చేస్తే కనబడని పని నేను చేస్తే అందరికీ కనబడింది. కాజీపేట నుంచి వచ్చే ఒక రైలు డ్రైవరు భార్య ఉండేది, ఆమెను చౌరస్తాలో అందరూ ఇంజినమ్మ అనేవాళ్ళు. మనిషి కూడా కూత పెడుతూ వచ్చేది. ఆమె నా పిడికిలి చూసి ఆగింది.

"ఏం దాసినవ్ పిల్లా గుప్పిట్ల? నీ పెనిమిటి జీతమా?"

"ఏం లేదమ్మా, మూర."

"మూర గుప్పిట్ల ఎట్ల వడుతది? వేళ్ళు ఇప్పు."

చుట్టూ నలుగురు నవ్వారు. సిగ్గుపడి వేళ్ళు విప్పాను. విప్పగానే దండ అట్లా సాగిపోయింది. ఇంజినమ్మ కళ్ళు పెద్దవి చేసి, "నీకో మూర, నాకో మూర కలిపి ఇచ్చినట్టున్నవ్ గదనే" అని, అప్పటికప్పుడు నాలుగు మూరలు కొంది. ఆమె ఆ మాట కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఇల్లిల్లూ చెప్పినట్టుంది. మూడు రోజులు తిరగకముందే బస్సు దిగినవాళ్ళు నేరుగా నా గంప దగ్గరికే వచ్చేవాళ్ళు, "పొడుగు చేతుల పిల్ల నువ్వేనా?" అని అడిగి మరీ కొనేవాళ్ళు. మధ్యాహ్నానికి గంప ఖాళీ. నేను పొంగిపోయాను. నా మాటకారితనం చూసి, నా గొంతు విని జనం వస్తున్నారని అనుకున్నాను (ఇది రాయవద్దు అంటే కోడలు నవ్వుతూ రాస్తోంది). ఇంటికి పోయి ఖాళీ గంప చూపిస్తే అత్తమ్మ సంతోషపడలేదు. కొంగున ముడి వేసుకువచ్చిన చిల్లర విప్పి చూసి, "గంప ఉత్తగైంది, కొంగు గూడ ఉత్తగనే ఉన్నది" అంది. "కాలువ అంటె కాలువనే."

అప్పుడు వచ్చాడు కొలతల సారు. తూకాల ఆఫీసు నుంచి అని చెప్పారు. కళ్ళద్దాలు పెట్టుకున్న సన్నని మనిషి, వెనకాల సంచి మోస్తూ ఒక ప్యూను. ముందు నా పక్కన కిరాణా దుకాణంలోకి పోయాడు. ఆ దుకాణం శావుకారి చేతులు బస్తాల వెనకాల ఏదో వెతుక్కుంటున్నట్టు గబగబా కదిలాయి, ఆయన ముఖం మాత్రం దేవుడి పటంలాగా నిశ్చలంగా ఉంది. ఆ చోద్యం చూసి నవ్వుకుంటున్నాను, ఇంతలో సారు నా గంప ముందు నిలబడ్డాడు.

"ఏమ్మా, దేంతో కొలిచి అమ్ముతున్నావు?"

"మూరతోని సారూ."

"మూర అంటే ఎంత?"

చెయ్యి చాపి చూపించాను. "గింత."

"ఇది ఎవరి మూర?"

"నాదే సారూ. ఎరువు తెచ్చుకున్న చెయ్యి గాదు."

ప్యూను నవ్వాడు. సారు నవ్వు ఆపుకుని, మంచిగానే చెప్పాడు. మూరలు, జానలు చెల్లవు, మనిషికో తీరు ఉంటాయి, ఇక పూలకు కూడా మీటరు ఉండాలి, దానికి సర్కారు ముద్ర ఉండాలి, వారం తర్వాత వస్తాను, అప్పటికి గంప దగ్గర ముద్ర ఉన్న మీటరు కనబడకపోతే గంప లేపాల్సి వస్తుంది. నేను అన్నింటికీ "అట్లనే సారూ" అన్నాను. నాకు అర్థమైంది ఒక్కటే, గంపకు మీటరు పెట్టాలి. నాకు తెలిసిన మీటరు ఒకటే, మా ఇంటి ఓనరు గోడకు ఉండేది, నల్లడబ్బాలో చక్రం తిరిగేది, దాన్ని చూసి ఆయన నెలనెలా మా మీద అరిచేవాడు.

ఇంటికి ఉరికి అత్తమ్మకు చెప్పాను. "గంపకు మీటరు వెట్టాల్నట."

అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "పూలకు కరెంటెందుకే?"

"ఏమో, మల్లెపూలు తెల్లగ ఉంటయ్ గదా, కరెంటు బుగ్గలు అనుకున్నరేమో."

"చక్రం తిరుగుతె పూలు వాడిపోవా? తీగెలెక్కడికెల్లి గుంజుతరు?"

అత్తాకోడళ్ళం ఇద్దరం చౌరస్తా స్తంభం నుంచి గంప దాకా తీగ ఎట్లా లాగాలి, వర్షం పడితే షాకు కొడుతుందా అని పొద్దు గూకేదాకా మాట్లాడుకున్నాం. మా ఆయన పని నుంచి వచ్చి విని, అన్నం తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు అన్నాడు. "బట్టల దుకాణంల కొలిచే ఇనుప కడ్డి గదనే మీటరంటె." ఆ ఒక్క మాట అన్నం ముందు అని ఉంటే ఏం పోయేది? ఆయన అంతే.

మరునాడు సాయంత్రం తెలిసిన బట్టల సేటును అడిగి ఒక్క పూటకు ఆ కడ్డీ తెచ్చాడు. అత్తమ్మ దాన్ని మంచం మీద పెట్టుకుని తన చెయ్యి పెట్టి కొలిచింది. సరిగ్గా రెండున్నర మూరలు. నా చెయ్యి పెట్టింది. రెండు మూరలు, మీద నాలుగు వేళ్ళు. అర మీటరంటే నా మూర కంటే కూడా రెండు వేళ్ళు ఎక్కువ! అత్తమ్మ కడ్డీని అటూ ఇటూ తిప్పి చూసి, నా ముఖం చూసి, "సర్కారుకు నీకంటె పొడుగు చెయ్యున్నది" అంది. మూడేళ్ళలో మేమిద్దరం ఒకే మనిషి మీద కోపం తెచ్చుకున్నది ఆ రోజే.

సేటుకు కడ్డీ తెల్లారి తిరిగి ఇవ్వాలి. మనది మనం కొనుక్కోవాలి. కొంటే ఆ ఖర్చు గంప మీద నష్టం కింద పడుతుంది, నష్టం వస్తే నా జాగా పోతుంది. ఏం చెయ్యాలా అని అల్లుతూ కూర్చున్నాను. తెల్లవారి మా ఆయన అత్తమ్మను రిక్షాలో ఎక్కించుకుని కాలికి కట్టు కట్టించడానికి పోయాడు, వచ్చేటప్పుడు కడ్డీ సేటుకు ఇస్తానన్నాడు గాని మరిచి పోయాడు. కడ్డీ మంచం మీద, నేను గడప మీద. సరిగ్గా అప్పుడే వీధిలో పచ్చబొట్ల అవ్వ కేక వినబడింది. నా బుర్రలో ఎక్కడలేని తెలివి పుట్టింది. సారు అడిగింది ఏమిటి? మీటరు ఉండాలి, ముద్ర ఉండాలి. మూర నా చేతి మీదే ఉన్నప్పుడు మీటరు మాత్రం ఎందుకు ఉండకూడదు? పచ్చబొట్టు కంటే గట్టి ముద్ర ఏముంది? కొనే పని లేదు, మోసే పని లేదు, ఎవరూ ఎత్తుకుపోలేరు. అంత గొప్ప ఆలోచన నాకు మళ్ళీ జన్మలో రాలేదు. రాకపోవడమే మంచిదైంది.

అవ్వను పిలిచి రవికె చెయ్యి పైదాకా మడిచి చెయ్యి చాపాను.

"ఏం పొడవాలె బిడ్డా? తేలా, తులసికోటనా? పెనిమిటి పేరా?"

"అర మీటరు పొడువవ్వా."

సూదులు పట్టుకున్న చెయ్యి ఆగింది. "గదెక్కడి దేవుడు? నేనెన్నడు ఇనలే."

"సర్కారు దేవుడు. వారానికి వత్తనన్నడు."

కడ్డీ మీద గీతలు చదవడం నాకు రాదు గదా. కడ్డీ పొడవున పూల దారం పెట్టి తెంపి, దాన్ని సగానికి మడిచాను. నడిమి వేలి కొస నుంచి ఆ దారం పెడితే మోచెయ్యి దాటి పైకి రెండు వేళ్ళు పోయి ఆగింది. అక్కడ అడ్డంగా గీత పొడవమన్నాను. అవ్వ తోలు కిందికి లాగి పట్టి పొడిచింది. నొప్పికి నా నోట్లో నుంచి వచ్చిన మాటలు రాయదగినవి కావు. కూలికి బదులు కనకాంబరాల దండ ఇచ్చాను. పోతూ పోతూ అవ్వ, "గీ దేవునికి ఏం మొక్కుతరు బిడ్డా?" అని అడిగింది. నేను కూడా అప్పటికి ఏమీ ఆలోచించలేదు.

రెండు రోజులు చెయ్యి వాచి పూరీలాగా ఉబ్బింది. అత్తమ్మకు కనబడకుండా కొంగు కప్పుకుని, దోమ కుట్టిందని చెప్పి గంప దగ్గరికి పోయాను. మొదటి బేరానికే దేవుడు గుర్తుకువచ్చాడు. పచ్చగీత ఉన్నది మోచేతికి పైన. ఆ రోజుల్లో మా రవికె చెయ్యి మోచేతిదాకా ఉండేది. కొలవాలంటే ప్రతి బేరానికీ నడిబజారులో రవికె చెయ్యి పైకి మడవాలి! పొడిపించుకునేటప్పుడు మడిచే ఉంది కాబట్టి నాకు తోచలేదు. మడుస్తూ, కొలుస్తూ, దించుతూ, మళ్ళీ మడుస్తూ ఉంటే ఇంజినమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి చూసింది.

"ఏందే పిల్లా, పూలమ్ముతానవా, కుస్తీకి దిగుతానవా?"

"గిది మూర గాదమ్మా, అర మీటరు. మూర బందైంది."

"నీ చెయ్యి నీకే ఉన్నది గదా, మూరెట్ల బందైతది? గా అర మీటరు నాకద్దు. మూరెడియ్యి."

"అర మీటరంటె ఇంకా ఎక్కువమ్మా."

"అట్లనా? మరి ముందుగాల చెప్పవేందే? నాలుగియ్యి. మూర ధరకే గదా?"

ఎక్కువ ధర అడిగే నోరు నాకు రాలేదు. చేను దాటి వినబడే గొంతు, బేరం దగ్గర పిల్లి గొంతు అయిపోయేది. అంతకుముందు కాలువైతే ఇప్పుడు తూము తెరిచినట్టయింది. షరతులో ఇంకా మూడు రోజులే మిగిలాయి.

చెప్పిన రోజుకే కొలతల సారు వచ్చాడు. నేను ఆయన కోసమే ఎదురుచూస్తున్నాను. ఆయన నోరు తెరవకముందే రవికె చెయ్యి మడిచి ఆయన ముక్కు దగ్గరికి చెయ్యి చాపాను.

"ఇగో సారూ, అర మీటరు. కడిగినా పోదు."

సారు ఒక అడుగు వెనక్కి వేసి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఇదేంటమ్మా?"

"మీటరు. సగం. ఇంకో సగం కావాల్నంటె ఇంకో చెయ్యి ఉన్నది."

"ముద్ర ఏది?"

"గీ పచ్చగున్నదే ముద్ర."

చుట్టూ జనం చేరారు. కిరాణా శావుకారి తక్కెడ వదిలేసి వచ్చి నిలబడ్డాడు. సారు సంచిలో నుంచి తన కొలబద్ద తీయించి, ఎంతో మర్యాదగా, ముట్టుకోకుండా, నా చేతి పక్కన పెట్టి చూశాడు. చూసి నిట్టూర్చాడు. "సెంటీమీటరున్నర ఎక్కువుందమ్మా." అవ్వ తోలు లాగి పట్టి పొడిచింది గదా, వదలగానే ఆ గీత తోలుతో పాటు పైకి పోయింది. అంటే అన్ని రోజులూ సర్కారు అడిగినదాని కంటే కూడా ఎక్కువ ఇచ్చానన్నమాట. "ముద్ర ఏటేటా వేయించాలి. ఈ చెయ్యిని ఆఫీసుకు తెస్తావా ప్రతి ఏడూ?" అన్నాడు సారు.

"తెస్త సారూ, కని ఒక్కదాన్నే పంప. నేను గూడ వస్త దాని ఎంబటి."

జనం విరగబడి నవ్వారు. సారు కూడా నవ్వాడు, నవ్వుతూనే గంప లేపమన్నాడు. "కడ్డీ తెచ్చుకున్న రోజు మళ్ళీ పెట్టుకో. చెయ్యి కొలత కాదమ్మా." అప్పుడు నాకు నవ్వు రాలేదు. లేచాను. గంప అంచు పట్టుకున్నాను. మూడేళ్ళు అడిగి తెచ్చుకున్న జాగా, పన్నెండు రోజులకే పోయింది, అదీ నా తెలివి వల్ల. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రవికె చెయ్యి దించడం కూడా మరిచాను.

జనం వెనక నుంచి అత్తమ్మ గొంతు వినబడింది. "జరగుండ్రి, జరగుండ్రి, కాలు తొక్కుతరు." మా ఆయన భుజం పట్టుకుని కుంటుతూ వస్తోంది. రెండో చేతిలో కొత్త ఇనుప కడ్డీ, ఊతకర్రలాగా ఆనించుకుంటూ. నా పచ్చబొట్టు చూసింది. కొత్తగా చూసినట్టు లేదు. నిద్రలో కొంగు జారినప్పుడే చూసి ఊరుకుందని తర్వాత తెలిసింది.

"దీని చెయ్యికి ముద్రెందుకు సారూ? దీని బుద్ధికి ముద్ర వెయ్యాలె. ఇగో మీటరు. ముద్ర సూడుండ్రి."

సారు ముద్ర చూసి తల ఊపి, ప్యూనును తీసుకుని ముందుకు పోయాడు. అత్తమ్మ నన్ను పక్కకు జరిపి, గంప వెనక పరిచిన గోనె మీద తానే కూర్చుంది. నా పని అయిపోయిందని అనుకున్నాను. ఆమె దండ తీసి కడ్డీ మీద పెట్టింది. అలవాటుగా మోచెయ్యి మడిచింది, వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి. కాని కడ్డీ కడ్డీలాగానే ఉంది. రెండోసారి పెట్టింది, మూడోసారి పెట్టింది. ఎట్లా పెట్టినా అర మీటరు అర మీటరే. చాలాసేపు తన చెయ్యిని, ఆ పొట్టి చెయ్యిని, ఎవరిదో వస్తువులాగా చూసుకుంది. తర్వాత కడ్డీ నాకు ఇచ్చింది.

"తీస్కో. ఇగ పొట్టి చెయ్యి లేదు, పొడుగు చెయ్యి లేదు. ఎవ్వలు కూసున్నా గంతే. నువ్వే కూసో."

"మరి నష్టమచ్చింది గదత్తమ్మా?"

"నష్టం చేసేది నీ చెయ్యి. దాన్ని సర్కారు నౌకరిలకెల్లి తీసేసింది."

అట్లా గెలిచాను. పరీక్ష తప్పిన పిల్లను, బడి మూసేస్తూ పాస్ చేసినట్టు గెలిచాను. ధర కూడా అత్తమ్మే తేల్చింది, అర మీటరుకు ఇంత అని, ఎవరూ నోరెత్తకుండా. వారం తిరగకముందే ఇంజినమ్మ రావడం మానింది. ఒకరోజు బస్సులో నుంచి కనబడితే కేకేసి అడిగాను, ఎందుకు రావడం లేదని. "గింత దూరమెందుకే? గిదే మీటరు మా కాజీపేటల గూడ దొరుకుతాంది" అంది. నా గొంతు కోసం, నా మాటల కోసం వచ్చారనుకున్న జనమంతా నాలుగు వేళ్ళ కోసం వచ్చారని అప్పుడు తెలిసింది.

కడ్డీ వచ్చిన ఆ మొదటి రోజే, అత్తమ్మ లేచి మా ఆయన భుజం పట్టుకోగానే, నేను గెలిచిన జాగాను కొలిచి చూడాలనిపించింది. చేతిలో కొత్త కడ్డీ ఉంది గదా, కొలవడానికి ఇంకేమీ లేదు. మడిచి పరిచిన గోనెసంచి మీద కడ్డీ పడుకోబెట్టాను. అటు జానెడు, ఇటు జానెడు బయటికి పొడుచుకువచ్చింది. దీనికోసం మూడేళ్ళు ఏడ్చానా, దీనికోసం ఒళ్ళు పొడిపించుకున్నానా అని నాకే నవ్వు వచ్చింది. తల ఎత్తితే అత్తమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది. మా ఆయన రిక్షా పిలిచాడు. ఆమె ఎక్కలేదు.

"ఇంటికాడ ఒక్కదాన్నే ఏం జెయ్యాలె? గోడలతోని మాట్లాడాల్నా? జర జరుగు."

జరిగాను. సగం గోనె మీద, సగం మన్ను మీద కూర్చున్నాను. ఆమె వాచిన కాలు చాపుకుని, గొంతు సవరించుకుని, "మూరెడు! మూరెడు పూలు!" అని పిలిచింది. సారు ఇంకా వీధి మలుపు తిరగలేదు. భయపడి, "అత్తమ్మా, మీటరనాలె" అన్నాను.

"కొలుసుడు నువ్వు మీటరే కొలువు. పిలుసుడు నేను మూరే పిలుస్త. మీటరంటె ఎవ్వలకన్న పూల వాసనొస్తదానే?"

ఆమె ఉన్నన్నాళ్ళూ అట్లాగే కూర్చున్నాం, కడ్డీ నా చేతిలో, బేరం ఆమె నోట్లో. ఆ గోనె మీద ఇద్దరం ఎట్లా పట్టామో ఇప్పుడు తలచుకుంటే నాకే అంతుచిక్కదు. ఇప్పుడు మాది షట్టరున్న చిన్న దుకాణం. చిన్న కోడలే అమ్ముతుంది. నాకు చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ వేసింది, ఒక్కదాన్నే కూర్చుంటాను, కావలసినంత జాగా. అయినా కూర్చోగానే ఎందుకో కుర్చీలో ఒక పక్కకు ఒదుగుతాను. "ఎందుకత్తమ్మా అటు ఒరుగుతానవ్? పడుతవ్" అని కోడలు రోజూ తిడుతుంది. అలవాటు బిడ్డా, ఏం చెయ్యమంటావు, రాసుకో.